ఇంటి తుపాకికి తగిన చోటు

లైసెన్సు పొందిన ఆయుధం గల కుటుంబాలు మన టౌన్‌షిప్పులలో అరుదే గాని, లేకపోలేదు. సైన్యంలో సేవ ముగించి భద్రతా విభాగంలో చేరినవారు, స్వగ్రామంలో పొలమూ పుట్రా ఉండి తాతల నాటి జంట గొట్టాల తుపాకిని వారసత్వంగా పొందినవారు, షూటింగ్ క్రీడలో అభినివేశం గలవారు ఇందులో ముఖ్యులు. లైసెన్సు కోసం కలెక్టరు కార్యాలయం చుట్టూ, పోలీసు స్టేషను చుట్టూ ఎన్నిమార్లయినా తిరగడానికి వెనుదీయని ఈ మిత్రులలో కొందరు, తీరా ఆయుధం చేతికి వచ్చిన పిమ్మట దానిని ఇంట్లో ఎక్కడ ఉంచాలన్న విషయమై ఒక పూటయినా ఆలోచించరు. బీరువాలో చీరల వెనుక ఒకరు, పరుపు కింద ఒకరు, అటక మీద పాత ట్రంకు పెట్టెలో మరొకరు ఉంచుతారు. హాలులో గోడకు తగిలించి అతిథులకు చూపించే జమీందారీ అలవాటు కూడ పూర్తిగా అంతరించిందని చెప్పలేము.

ఈ విషయంలో చట్టం మౌనంగా లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేని వ్యక్తి ఆయుధాన్ని తన స్వాధీనంలో ఉంచుకొనడం నేరం. 2016 ఆయుధ నిబంధనలు వచ్చినప్పటి నుండి, లైసెన్సు కోరే వ్యక్తి ఆయుధాన్ని ఇంట్లో సురక్షితంగా భద్రపరుస్తానని హామీపత్రం ఇవ్వవలసి ఉంటుంది. 2019 సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. వారసత్వపు తుపాకులు సైతం ఈ పరిమితిలోనివే. హామీపత్రం మీద సంతకం చేసినవారిలో ఎందరు దానిని చదివారో మాత్రం సందేహమే.

మాజీ సైనికులకు ‘కోత్’ అనే మాట సుపరిచితం. సైనిక దళాలలో ఆయుధాలు ఉంచే గదికి ఆ పేరు. అక్కడ తుపాకులు వరుసగా నిలిపి గొలుసుతో బంధించి ఉంటాయి. మందుగుండు వేరొక చోట, వేరొక తాళం కింద ఉంటుంది. బయటికి వెళ్లే ప్రతి ఆయుధానికీ పుస్తకంలో పద్దు ఉంటుంది. తాళంచెవికి బాధ్యుడు ఎవరో అందరికీ తెలుసు. ఇంత ఏర్పాటు ఇంట్లో సాధ్యం కాదు, అవసరమూ లేదు. అయితే కోత్‌కు భద్రత చేకూర్చేది దాని గోడల మందం కంటె ఎక్కువగా ఆ తాళంచెవి క్రమశిక్షణే. ఇంటికి పెట్టె కొనదలచినవారు ధరల పట్టికలు చూడడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న కూడ ఇదే: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ ప్రశ్న వేసుకొంటే మన ఇళ్లలోని ఇనుప బీరువా మొదటి పరీక్షలోనే ఓడిపోతుంది. బీరువా అంటే కుటుంబమంతటి ఉమ్మడి ఖజానా. పట్టుచీరలు, నగలు, బీమా బాండ్లు, పిల్లల సర్టిఫికెట్లు, పండుగకు కొన్న కొత్తబట్టలు, అన్నీ అందులోనే. రోజుకు నాలుగుసార్లు తెరవక తప్పదు. దాని తాళంచెవి గృహిణి గుత్తిలోనో, దేవుడి పటం వెనుకనో, బియ్యం డబ్బా అడుగుననో ఉంటుంది. ఆ చోటు ఏదో ఇంట్లో అందరికంటె ముందు పిల్లలకే తెలుసు. దాచిన జంతికల డబ్బాను కనిపెట్టగలిగినవారికి తాళంచెవి ఒక లెక్కా? పైగా లైసెన్సు భర్త పేరుతో ఉండి తాళంచెవి భార్య కొంగున ఉంటే చట్టరీత్యా చిక్కులకు తావిచ్చినట్లే. చాల బీరువాల రేకు మందం ఒక మిల్లీమీటరుకు లోపే కాబట్టి, దొంగకు కూడ అది పెద్ద ఆటంకం కాదు. తుపాకి దాచవలసిన చోటు కుటుంబ అవసరాలతో సంబంధం లేనిదై, నెలకు ఒకటి రెండుసార్లకు మించి తెరవనవసరం లేనిదై ఉండాలి.

అందుకు దిగుమతి చేసుకొన్న ఖరీదైన సేఫే కావాలనుకోవడం భ్రమ. పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి మొత్తం పొడవు సుమారు 46 అంగుళాలు. లోపల 54 అంగుళాల ఎత్తు, 12 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు గల ఉక్కు పెట్టె దానికి సరిపోతుంది. గ్రిల్సు, షట్టర్లు తయారుచేసే వెల్డింగు దుకాణాలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. రెండు మిల్లీమీటర్ల రేకుతో చేయిస్తే రేకు బరువే 26 కిలోల వరకు వస్తుంది. చట్రం, తలుపు అంచులు కలిపితే 30 కిలోలకు చేరుతుంది. వారు కిలో లెక్కనే ధర కడతారు కనుక మీ ఊరి రేటుతో హెచ్చవేసి, తాళానికీ రంగుకూ కొంత కలుపుకొంటే ఖర్చు అంచనా ఇంట్లో కూర్చునే వేసుకోవచ్చు. కీళ్లు లోపలి వైపు ఉండాలని, తలుపు అంచున సందు లేకుండా చట్రంలోకి కూర్చోవాలని ముందుగానే చెప్పాలి. చేసిన తరువాత చెబితే వారు మార్చరు, మార్చినా సరిగా కుదరదు.

ముప్పై కిలోల పెట్టెను ఒక మనిషి భుజాన వేసుకొని పోగలడు. ఇంటి దగ్గర తాళం పగలగొట్టే శ్రమ లేకుండా పెట్టెతో సహా తీసుకొని వెళ్లడం దొంగకు సులభమైన పని. కాబట్టి పెట్టె లోపలి నుండి నాలుగు యాంకర్ బోల్టులతో గోడకు బిగించడం తప్పనిసరి. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ దీనికి పనికిరాదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ గాని, కాంక్రీటు స్తంభం గాని చూసుకోవాలి. సంస్థ క్వార్టరులో ఉన్నవారు గోడకు రంధ్రాలు వేయడానికి ముందు ఎస్టేటు విభాగం అనుమతి తీసుకొనడం మంచిది. పడకగది మూలన, తలుపు తెరిచినా హాలులో కూర్చున్నవారికి కనబడని చోటు అనువైనది. పెట్టె ఇంట్లో ఉన్నదన్న సంగతి పనిమనిషికి, పాలవానికి, కేబులు కుర్రవానికి తెలియనవసరం లేదు.

రివాల్వరు ఉన్నవారి సమస్య వేరు. కాన్పూరు కర్మాగారపు .32 రివాల్వరు లైసెన్సుదారులకు చిరపరిచితం. (ఆయుధ కర్మాగారాల బోర్డు 2021 అక్టోబరులో ఏడు ప్రభుత్వరంగ సంస్థలుగా మారినందున, దానిని తయారుచేసేవారు నేడు మనవంటి ఉద్యోగులే.) ఇంత చిన్న ఆయుధానికి అంకెల మీటలు గల చిన్న సేఫులు బజారులో కొన్ని వేల రూపాయలకు దొరుకుతున్నాయి. వాటిని కూడ బోల్టులతో బిగించాలి. ఫ్యాక్టరీ నుండి వచ్చిన సంకేతాంకెను మొదటిరోజే మార్చాలి. పుట్టినతేదీని, స్కూటరు నంబరును దానికి వాడరాదు. అత్యవసర తాళంచెవిని సేఫు పైననే పెట్టి మరచిపోయేవారు ఉన్నారు. వేలిముద్రతో తెరుచుకొనేవాటిని కొనేముందు మరొక విషయం ఆలోచించాలి. వెల్డింగు, ఫౌండ్రీ, మెషిన్ షాపులలో పనిచేసేవారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవడం కద్దు. నా మటుకు నాకు నాణ్యమైన లీవర్ల తాళమే నమ్మదగినదిగా తోస్తుంది. దానికి బ్యాటరీ అయిపోదు.

పెట్టెకు డబ్బు సమకూరే వరకు ఊరుకోనక్కరలేదు. తుపాకిని తెరిచి, తూటా లేదని కంటితోను వేలితోను చూసి, గొట్టం గుండా ఉక్కుతీగ తాళం దూర్చి బిగిస్తే ఆ తుపాకి మూసుకోదు, పేలదు. ఖర్చు కొన్ని వందలు. దొంగతనాన్ని ఇది ఆపలేదు గాని పిల్లల చేతిలో ప్రమాదాన్ని ఆపుతుంది. ట్రిగ్గరుకు బిగించే తాళాలు కూడ ఉన్నాయి. అయితే తూటా ఉన్న ఆయుధానికి దానిని తొడగడం స్వయంగా ప్రమాదాన్ని కొనితెచ్చుకొనడమే.

తూటాలు ఎప్పుడూ మరొక పెట్టెలో, మరొక తాళంతో, వీలైతే మరొక గదిలో ఉండాలి. 2005లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. తుపాకికి తాళం, తూటా లేకుండా ఉంచడం, తూటాలకు తాళం, రెండింటినీ వేర్వేరు చోట్ల ఉంచడం అనే నాలుగు జాగ్రత్తలలో ప్రతి ఒక్కటీ పిల్లలు, కౌమారులు తుపాకి గాయాల పాలు కావడం, ఆత్మహత్యకు పాల్పడడం తక్కువగా ఉండడంతో ముడిపడి ఉన్నదని అందులో తేలింది. తుపాకులు మన దేశంలో కంటె ఎన్నో రెట్లు అధికంగా ఉన్న సమాజపు అనుభవమిది. పరీక్షల ఫలితాలు వెలువడే రోజులలో మన ఇళ్లలోని పిల్లల మనఃస్థితి మనకు తెలియనిది కాదు. ఇంట్లో ఎవరైనా, పిల్లలే కానక్కరలేదు, తీవ్రమైన దిగులుతోనో అప్పుల బాధతోనో ఉన్నట్లు గమనిస్తే ఎంత గట్టి పెట్టె అయినా చాలదు. ఆయుధాన్ని లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద భద్రతకై ఉంచి, రసీదు తీసుకొని, వారిని వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి. ఆ మాట ఇంట్లో ఎత్తడానికి మొహమాటపడరాదు.

విశాఖ, మచిలీపట్నం వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉన్నవారికి తుప్పు మరొక శత్రువు. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక అందులో పెట్టి పెట్టెలో ఉంచరాదు. పలుచగా నూనె పూసి, నీలిరంగు సిలికా జెల్ సంచి ఒకటి పక్కన ఉంచితే మంచిది. అది గులాబి రంగుకు తిరిగినప్పుడు వేడిచేస్తే మళ్లీ నీలంగా మారి పనికివస్తుంది. నూనె చేతులతో తూటాలను ముట్టుకొనరాదు.

ఎల్‌టీసీ మీద పదిహేను రోజులు కుటుంబమంతా వెళ్లేటప్పుడు తుపాకిని బావమరిదికో, పొరుగువారికో అప్పగించడం మనలో కనిపించే అలవాటు. వారికి లైసెన్సు లేకపోతే అది ఉభయులకూ నేరమవుతుంది. అప్పుడు కూడ ఆయుధ వ్యాపారియే శరణ్యం. దొంగతనం జరిగితే ఒక్క పూట కూడ జాగుచేయక పోలీసు స్టేషనులో తెలపాలి. అందుకు తుపాకి నంబరు, లైసెన్సు నకలు పెట్టెలో గాక వేరొక చోట ఉండాలి.

ఉద్యోగి మరణించినప్పుడు ఆ పెట్టె ముందు నిలబడేది భార్యయో, కుమారుడో. వారి పేరున లైసెన్సు లేదు. ఆయుధాన్ని ఆలస్యం చేయక సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగించి, వారసులలో ఒకరు కావాలనుకొంటే తరువాత దరఖాస్తు చేసుకోవాలి. ఈ సంగతిని, రెండవ తాళంచెవి ఏ బ్యాంకు లాకరులో ఉన్నదో ఆ వివరాన్ని, ఒక కాగితం మీద వ్రాసి కవరులో అంటించి, పి.ఎఫ్. నామినేషను కాగితాలతో కలిపి ఉంచితే వారికి సులువుగా ఉంటుంది.