లెక్క ఒకచోట, రంగు ఒకచోట

శాస్త్రవేత్త బల్లమీద ఎలాంటి కంప్యూటరు ఉండాలి? 1980ల మొదట్లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి, ఆయన సహచరులు దీనికి మూడు 'ఎమ్'లతో జవాబు చెప్పారు. ఒక మెగాబైటు మెమరీ, మెగాపిక్సెల్ తెర, సెకనుకు పది లక్షల ఆదేశాలు నడిపే వేగం. రాజ్ రెడ్డి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారే. నాలుగో ఎమ్ కూడా ఒకటుంది, సరదాకి: మెగాపెన్నీ. పది లక్షల సెంట్లు, అంటే పదివేల డాలర్లు. తొలి వర్క్‌స్టేషన్లలో చాలావాటి ధర దాన్ని దాటేసేది. రంగుల తెర కావాలంటే ఇక చెప్పేదేముంది!

ఎక్స్ టెర్మినల్ ఈ చిక్కుకు వేరే దారి పట్టింది. తెర ఒక్కటే బల్లమీద. లెక్కలు చేసేదీ ఫైళ్లు దాచేదీ ఎక్కడో ఉన్న పెద్ద యంత్రం.

ఆ దారి వేసింది ఎంఐటీ. 1984లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటీస్ అక్కడ ఎక్స్ విండో వ్యవస్థను మొదలుపెట్టారు. పెద్ద యంత్రంలో నడిచే ప్రోగ్రాం 'ఇక్కణ్ణుంచి అక్కడికి గీత గియ్యి, ఈ గడిలో నీలం నింపు' అని తీగమీద కబురు పంపితే, గీసే పని టెర్మినల్‌ది. బొమ్మనంతా చుక్కచుక్కగా మోసుకురానక్కర్లేదు. 1987 సెప్టెంబరులో దాని పదకొండో వెర్షన్ వచ్చింది. తర్వాత ఎన్‌సీడీ, హెచ్‌పీ, టెక్‌ట్రానిక్స్ కంపెనీలు ఎక్స్ టెర్మినళ్లను అమ్మకానికి పెట్టాయి.

మామూలుగా ఈ పెట్టెలో హార్డ్‌డిస్కు ఉండదు. స్విచ్ వేయగానే 'నా చిరునామా ఏమిటి?' అని నెట్‌వర్కునే అడుగుతుంది. జవాబొచ్చాక, తాను నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేరునూ అక్కణ్ణుంచే దించుకుంటుంది. ఆ తర్వాతే లాగిన్ గడి.

రంగుల సంగతి మరీ తమాషా. చాలా మోడళ్లలో ఒక్కో చుక్కకు ఎనిమిది బిట్లే. కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగుల్లోంచి ఏరుకోవచ్చు గానీ, ఒకేసారి తెరమీద కనిపించేవి 256. ఒక కిటికీ తనకు కావలసిన 256 రంగులూ పట్టేసుకుందా, మౌసు దాని మీదికి వెళ్లగానే మిగతా కిటికీల రంగులు తారుమారు. బూడిదరంగు కాస్తా గులాబీ, అక్షరాలు ఆకుపచ్చ! పని మాత్రం ఆగదు. మౌసు పక్కకు జరిపితే పాత రంగులు తిరిగొచ్చేస్తాయి.

అసలు ఇబ్బంది మరోచోట. ఒక పెద్ద యంత్రం మీద ఇరవైమంది కూర్చుంటే, ఎగువన తూములన్నీ ఎత్తేసినప్పుడు కోనసీమ శివారు ఆయకట్టు రైతు గతే అందరిదీ. పైగా టెర్మినళ్లను వరసగా కలిపేది సన్నటి కోయాక్సియల్ తీగ. దాని కొసన బిగించిన 50 ఓమ్‌ల టెర్మినేటరు ఎవరైనా ఊడదీస్తే, ఆ వరసంతా చచ్చిపడేది.

1990ల నడుమకొచ్చేసరికి పీసీ ధరలు దిగాయి. పీసీలోనే ఎక్స్ నడిపితే సరిపోతున్నప్పుడు తెర కోసం వేరే పెట్టె ఎవరు కొంటారు? ఆఖరికి ఎన్‌సీడీయే పీసీ-ఎక్స్‌వేర్ పేరుతో ఆ సాఫ్ట్‌వేరు అమ్మింది.