మీకు తెలుసా? బ్రెజిల్ పాటకు మన జిట్రేగి

బ్రెజిల్ బాణీలు పలికించే నైలాన్ తీగల గిటార్లలో చాలావాటికి వీపు, పక్కలు మన జిట్రేగి చెక్కవే. ఇరుగుడు అని కూడా పిలిచే ఈ చెట్టే గిటార్ వ్యాపారంలో ఇండియన్ రోజ్‌వుడ్.

ఒకప్పుడు మేలురకం గిటార్ అంటే బ్రెజిల్ రోజ్‌వుడ్డే. 1960ల చివర ఆ దేశం దుంగల ఎగుమతి ఆపేసింది. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో మన చెక్కకు మారింది. 1992లో అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం బ్రెజిల్ చెక్క అంతర్జాతీయ వ్యాపారానికి దాదాపు తలుపులు మూసేసింది. 2017 నుంచి జిట్రేగి మీదా ఆంక్షలున్నాయి, తయారైన వాద్యాలకు మాత్రం 2019లో సడలింపు ఇచ్చారు.

జిట్రేగి చెక్కది ఊదా ఛాయ గల ముదురు గోధుమ రంగు, మధ్యలో నల్లటి చారలు. సుమారు 2 మిల్లీమీటర్ల మందానికి చిత్రిక పట్టి, తడిపి, వేడి మీద వంచితే గిటార్ నడుము వంపు వస్తుంది. ఈ చెక్కతో మంద్రం నిండుగా పలుకుతుందని వాద్యకారుల మాట. బ్రెజిల్ బాణీ అయిన బోసానోవాకు కావలసిందీ అదే. 1958లో గాయకుడు, గిటారిస్టు జోవావ్ జిల్బెర్టో రికార్డుతో మొదలైందని చెప్పుకునే ఈ బాణీలో బొటనవేలు సాంబా పెద్ద డోలు దెబ్బను మంద్ర తీగల మీద వేస్తుంటే, మిగతా వేళ్లు సన్న దరువును కలిసికట్టుగా మీటుతాయి. ప్లెక్ట్రమ్ (తీగలు మీటే బిళ్ల) పట్టుకుంటే ఆ రెండూ కలవవు.

పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు కొత్తగా నేర్చుకునేవాళ్లు రోజ్‌వుడ్ కోసం ఆగక్కర్లేదు, ప్లైవుడ్ గిటార్ చాలు. నైలాన్ గిటార్‌కు స్టీలు తీగలు మాత్రం బిగించకండి. ఆ లాగుడుకు తీగలు కట్టే బ్రిడ్జి ఊడి వచ్చే ప్రమాదముంది.