మీకు తెలుసా? ఒక తంతివార్త ఫలితము
1914 ఆగస్టు 31వ తేదీన, మహాయుద్ధము వలన ఐరోపా నుండి వచ్చు సహాయము నిలిచిపోయి పాలస్తీనాలోని యూదులు ఆకలి వాత బడుచుండగా, తుర్కీ సామ్రాజ్యమునందలి అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంతౌ, 50,000 డాలర్లు పంపుడని న్యూయార్కులోని ధనికుడు జాకబ్ షిఫ్‌కు తంతి నంపెను. అందు సగమును అమెరికన్ యూదు సంఘమును, తక్కిన సగమును షిఫ్, మరియొక ధనికుడు నేథన్ స్ట్రాస్ ఇరువురును ఇచ్చిరి. ఆ ధనము బంగారముగా మారి యుద్ధనౌకపై జాఫా రేవు చేరెను. ఇట్టి సహాయమును కొనసాగించుటకై నవంబరు 27న సంయుక్త సహాయసంఘము వెలసెను. మరుసటి యేడు కార్మికుల సంఘమును దానిలో జేరెను.

1915 డిసెంబరులో న్యూయార్కులోని కార్నెగీ హాలున రబ్బీ జూడా మాగ్నెస్ ఈ సహాయనిధికై చేసిన విన్నపమునకు కరగి, శ్రోతలు తమ ఒంటిమీది నగలను సైతము తీసి యిచ్చిన దృశ్యము, కోటీశ్వరుల దానములకంటెను హృదయమును కదలించునట్టిది. ‘జాయింట్’ అను పేర ఆ సంయుక్త సహాయసంఘము నేటికిని పనిచేయుచునే యున్నది.