మండితేనే మందా?

పుక్కిలించే మందు నోట్లో భగ్గుమంటేనే పనిచేస్తోందని నమ్మేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. చల్లగా ఉంటే హాని లేదనుకునేవాళ్ళూ ఉన్నారు. డాక్టరుగా నేను మనవి చేసేదేమంటే, మంట వేరు, గాయం వేరు. మిరపకాయ కొరికితే నోరు మండుతుంది గాని పొర ఊడిరాదు. నురగ కోసం టూత్‌పేస్టులో కలిపే సోడియం లారిల్ సల్ఫేటు కొందరికి మంట లేకుండానే లోపలి పొరను తెల్లని పొట్టులా ఊడదీస్తుంది.

మరి గాయాన్ని కొలవడం ఎలా? 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు డ్రెయిజ్ కుందేళ్ళ చర్మం మీద, కళ్ళలో మందు వేసి చూసే పద్ధతి ప్రకటించాడు. నోటి పరీక్షకు హామ్‌స్టర్ అనే చిట్టెలుక బుగ్గసంచిని వాడారు. ఆ సంచిలోని పొర పైన గట్టిబడి ఉంటుంది. మన బుగ్గలోని పొర అలా ఉండదు. కనుక అక్కడి ఫలితం మనకు సరిగ్గా వర్తించదు.

1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రజ్ఞులు మసాచుసెట్స్‌లో మనిషి చర్మకణాలను ప్రయోగశాలలో విస్తారంగా పెంచే దారి చూపారు. అదే రాష్ట్రంలోని మాటెక్ కంపెనీ ఇప్పుడు బుగ్గపొరను, చిగురుపొరను విడివిడిగా పెంచి అమ్ముతోంది. సన్నని రంధ్రాలున్న పొర మీద మనిషి నోటికణాలను నాటుతారు. కింద పోషకద్రవం, పైన గాలి. కొద్దిరోజుల్లో కణాలు వరసమీద వరసగా పేరుకుంటాయి.

దానిమీద పేస్టు వేసి, కొంతసేపు ఉంచి కడిగేస్తారు. తరువాత ఎం.టి.టి. అనే పసుపురంగు మందు కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. రంగు తగ్గినకొద్దీ చచ్చిన కణాలు ఎక్కువన్న మాట. సగం కణాలు చావడానికి ఎంతసేపు పట్టిందన్నదే లెక్క. ఘాటైన సరుకు త్వరగా చంపుతుంది, మెత్తనిది చాలాసేపు తీసుకుంటుంది.

సౌందర్యసాధనాల కోసం జంతువుల మీద పరీక్షలు చేయడాన్ని భారతదేశం 2014లో నిషేధించింది. అలా పరీక్షించిన సరుకుల అమ్మకాన్ని యూరప్ దేశాలు 2013లో పూర్తిగా ఆపాయి. కాబట్టి ఈ పద్ధతికి గిరాకీ పెరిగింది.

అయితే ఈ పొరకు నరాలు లేవు, నెత్తురు లేదు, లాలాజలం లేదు. మంట తెలియదు. దాల్చిన సువాసన పడనివారికి వచ్చే ఎలర్జీని అది పట్టలేదు. ఏళ్ళతరబడి పొగాకు చేసే చెరుపునూ ఇలాంటి కొద్దిసేపటి పరీక్ష చూపలేదు. పొగాకు కలిపిన పండ్లపొడిని, పేస్టును 1992లో మనదేశంలో నిషేధించింది ఆ చెరుపు తెలిసే.

కనుక ఊరినుంచి పండ్లపొడి తెప్పించుకునేటప్పుడు అందులో ఏముందో చదవండి. నోట్లో తెల్లపొర ఊడుతున్నా, పుళ్ళు తరచు వస్తున్నా, లారిల్ సల్ఫేటు లేని పేస్టు కొన్ని వారాలు వాడి చూడండి. రెండు వారాలు దాటినా మానని పుండును మాత్రం ఇంటివైద్యానికి వదలక డాక్టరుకు చూపించండి.