రాహుకేతువు లెక్కడ?



నేను జనగామ ప్రాంతమున చిరకాలము ఉపాధ్యాయవృత్తి నెరపి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున పండితులకడ సంస్కృతమును, పంచాంగగణితమును అభ్యసించి, పిదప బడిలో తెలుగు బోధించితిని. ఒకనాడు విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు రానందున ఏడవ తరగతికి నేను పోవలసివచ్చెను. ఒక బాలుడు లేచి, "పంతులుగారూ, గుడిలో గ్రహములు తొమ్మిది, పుస్తకములో ఎనిమిది. ఇందులో రాహుకేతువులు లేరేమండీ?" అని యడిగెను. "కూర్చుండుము" అని గద్దించితిని. అతడు మరల నన్నే ప్రశ్నయు నడుగలేదు. ఆనాడు చెప్పని ఉత్తరమును నేడు మీకు విన్నవించుచున్నాను. ఏలయన మీ మనుమలును మిమ్ము నిట్లే యడుగుదురు.

మన పూర్వులు భూమిపై నిలిచి ఆకసమును చూచి, నక్షత్రముల నడుమ కదలువానిని గ్రహములనిరి. కావున సూర్యచంద్రులును అందు చేరిరి. నేటి శాస్త్రము సూర్యునిచుట్టు తిరుగు పెద్దగోళములనే గ్రహము లనుచున్నది. ఆ లెక్కను సూర్యుడు నక్షత్రము. చంద్రుడు భూమికి ఉపగ్రహము. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని యను నారింటికి, దూరదర్శిని సాయమున 1781లో కనుగొన్న యురేనస్, 1846లో తెలిసిన నెప్ట్యూన్ చేరి ఎనిమిది యైనవి. 1930లో కనుగొన్న ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహములలో చేర్చిరి.

వీని దూరములు మనస్సున కందవు గాన, అన్నిటిని నూరుకోట్ల వంతు తగ్గించి చూతము. సూర్యుడు మూడుమూరల వెడల్పుగల ధాన్యపు గుమ్మి యనుకొనుడు. దానిని మీ ఊరి చెరువుకట్టపై నుంచినచో, 150 మీటర్ల దూరమున రేగుపండంత భూమి. దానికి మూరెడుకంటె కొంచెము తక్కువ దూరమున జొన్నగింజయంత చంద్రుడు. గురుడు కొబ్బరికాయకంటె కొంచెము పెద్ద. 778 మీటర్ల దూరము. నెప్ట్యూన్ నిమ్మకాయంత, నాలుగున్నర కిలోమీటర్ల ఆవల పొరుగూరి పొలిమేరలో నుండును. ఇక సూర్యునకు మిక్కిలి సమీపనక్షత్రమును ఇదే కొలతను చేరవలెనన్న, సుమారు 40,000 కిలోమీటర్లు, అనగా భూగోళమును ఒకసారి చుట్టివచ్చునంత దూరము పోవలెను.

గ్రహగతి మీకు క్రొత్తది కాదు. గురుడు సూర్యుని చుట్టివచ్చుటకు ఇంచుమించు పండ్రెండేండ్లు పట్టును. అతడు సింహరాశి చేరినపుడే గోదావరి పుష్కరములు. 2015లో భూపాలపల్లి ప్రాంతపు కాళేశ్వరమున స్నానమాడినవారు గురుని ఒక ప్రదక్షిణమును లెక్కించినవారే. శనికి ఇరువదితొమ్మిదిన్నర యేండ్లు పట్టును. కావుననే మూడు రాశుల ఏలినాటి శని ఏడున్నర యేండ్లు. మహబూబాబాదు కళ్ళములలో మిరపకాయల నెండబెట్టు సూర్యునిచుట్టే ఇవి యన్నియు తిరుగుచున్నవి.

ఇక రాహుకేతువులు. జొన్నగింజయంత చంద్రుడు గుమ్మియంత సూర్యుని మరుగుపరచునా? పరచును. సూర్యుడు చంద్రునికంటె సుమారు 400 రెట్లు పెద్ద. సుమారు 400 రెట్లు దూరమును. అందువలన రెండును మనకంటికి సమానముగ తోచును. చంద్రుడు అడ్డువచ్చిన సూర్యగ్రహణము. భూమినీడ చంద్రునిపై పడిన చంద్రగ్రహణము. 499 ప్రాంతమున ఆర్యభటుడే ఈ మాట చెప్పియున్నాడు. ప్రతి అమావాస్యకు గ్రహణమేల లేదనగా, చంద్రుని మార్గము భూమార్గమునకు సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. ఆ రెండు మార్గములు కలియు రెండు బిందువుల సమీపమున అమావాస్య వచ్చినపుడే సూర్యగ్రహణము. ఆ బిందువులనే మన సిద్ధాంతులు పాతము లనిరి, రాహుకేతువులు అవియే. వానికి దేహము లేదు గాన పాఠ్యపుస్తకపు పట్టికలో లేవు. గణితమునకు వలయును గాన పంచాంగమున కలవు.

ఇంత తెలిసియు నేను చేసినదేమి? 1980 ఫిబ్రవరి 16న మన తెలుగునేలపై సంపూర్ణ సూర్యగ్రహణము కలిగెను. హైదరాబాదునకు ఆగ్నేయమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపురము వేధశాలకు శాస్త్రజ్ఞులు వచ్చి రెండు నిమిషములకు పైచిలుకు సంపూర్ణగ్రహణమును పరిశీలించిరి. మా ఊరను సూర్యబింబమున అధికభాగము కప్పబడెను. స్పర్శమోక్షకాలములను గణించి వ్రాసిన నేను తలుపులు బిగించి లోపల కూర్చుంటిని. పళ్ళెములో రోకలి నిలిచెనని ఇంటివారు చెప్పగా తల యూచితిని. చదునైన అడుగుగల రోకలి మరునాడును నిలుచును; నిలిపి చూచినవారము లేము.

మీ ఆచారములను విడువుమని నేను చెప్పను. ఒక్క మాటమాత్రము గట్టిగా చెప్పెదను. గ్రహణసూర్యుని వట్టికంటితో గాని, మసిపూసిన గాజుతో గాని, పాత ఎక్సురే ఫిలుముతో గాని, పళ్ళెములోని నీటిలో గాని చూడరాదు; కంటిలోని పొర కాలిపోవును, నొప్పియైన తెలియదు. ఒక అట్టకు సూదితో రంధ్రము చేసి, సూర్యునకు వీపునిచ్చి, తెల్లకాగితముపై పడు బింబమును పిల్లలకు చూపుడు. చెట్టునీడలో ఆకుల సందులనుండి పడు వెలుగుచుక్కలును ఆనాడు నెలవంకలై కనబడును.

నాడు నేను గద్దించిన బాలుడు నేడెక్కడ నున్నాడో యెరుగను. ఈ మాటలు అతని చెవిని బడినచో, ఆ ప్రశ్న తనదే యని గుర్తించునుగాక.