ఒమన్ ఊరిపేర్లలో ఊనిక: గురులఘువుల సాక్ష్యం

‘మస్కట్’ అని రాసినప్పుడు సకార కకారాలు ఒకే సంయుక్తాక్షరంగా కనిపిస్తాయి. పలికినప్పుడు ఆ పేరు మస్-కట్ అని విరుగుతుంది. ఛందస్సు తెలిసినవారికి ఇది కొత్త కాదు. సంయుక్తాక్షరానికి ముందున్న ‘మ’ గురువు కావడానికి కారణం, ఆ సకారం ఉచ్చారణలో దానికి చేరడమే.

ప్రామాణిక అరబ్బీలో పదంలోని ఊనికను చాలావరకు ఈ గురులఘువులే నిర్ణయిస్తాయి. పదాంతంలో దీర్ఘం తరువాత హల్లు ఉంటే ఊనిక అక్కడే: సు-హార్‌లో ‘హార్’ మీద. అలా లేనప్పుడు, చివరినుంచి రెండవది గురువైతే దానిమీద: నిజ్-వాలో ‘నిజ్’, స-లా-లలో ‘లా’. మస్-కట్‌లో ‘కట్’ కూడా గురువే అనిపించినా, పదాంతంలోని ఒంటరి హల్లు లెక్కకు రాదు. ఊనిక ‘మస్’ మీదనే.

పదాలు కలిసినప్పుడు విభజన మారుతుంది. ఒమన్‌లోకి విస్తరించిన మహా ఎడారి పేరు రుబ్ అల్ ఖాలీ, అంటే ‘ఖాళీగా ఉన్న నాలుగవ వంతు’. తెలుగు ‘ఖాళీ’కి మూలం ఈ అరబ్బీ పదమే. విరామం లేకుండా పలికితే ఇది రుబ్-ఉల్-ఖా-లీ అవుతుంది: మొదటి పదపు చివరి అచ్చు, రెండవ పదపు ‘ల్’ ఒకటిగా కలుస్తాయి. ‘రామాలయం’లోని ‘మా’ కూడా ఇలాగే రెండు పదాలకూ చెందుతుంది. అర్థం విడిపోయే చోటు, ఉచ్చారణ విడిపోయే చోటు ఒకటి కానక్కరలేదు.

ఇంగ్లీషు వర్ణక్రమంలో ఈ దీర్ఘాలు కనిపించవు. దానిని చూసి ‘సోహర్’, ‘సలల’ అని రాసుకుంటే, పై సూత్రం ప్రకారమే ఊనిక మొదటికి జారిపోతుంది. తెలుగు లిపిలో ఊనికకు గుర్తు లేదు. కాని ‘సుహార్’, ‘సలాల’ అని దీర్ఘం సరిగా రాస్తే ఊనిక ఎక్కడుందో ఆ రాతే చెబుతుంది.