జవాబు ముందే తెలియని ప్రయోగశాల

మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగాన్ని అక్కడివాళ్లు క్యూసీ అంటారు. ఫార్మసీ, రసాయనశాస్త్రం చదివే తెలుగు విద్యార్థుల్లో చాలామంది పరిశ్రమను మొదటిసారి చూసేది ఈ విభాగంలోనే. బి.ఫార్మసీ నిబంధనల్లో ఆరో సెమిస్టర్ తర్వాత నాలుగు వారాల్లో కనీసం 150 గంటల శిక్షణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి మూడేళ్ల డిగ్రీకీ పది నెలల ఇంటర్న్‌షిప్‌ జోడించారు. ఎమ్మెస్సీ వాళ్లయితే చివరి సెమిస్టర్ ప్రాజెక్టు పేరుతో వెళ్తారు.

వెళ్లడానికి చోట్లకు కొదవ లేదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో కర్మాగారం పెట్టడంతో హైదరాబాద్ మందుల పరిశ్రమకు పునాది పడింది. అక్కడ పని నేర్చినవాళ్లే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, విశాఖ దగ్గర పరవాడ వైపు ఉదయం షిఫ్టుకు వెళ్లే కంపెనీ బస్సుల్లో ఇప్పుడు ట్రైనీలు కూడా కనిపిస్తారు.

మొదటి వారం చాలామందికి నిరుత్సాహమే. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. గౌను, కళ్లద్దాలు ఇచ్చి కూర్చోబెట్టి ఎస్‌ఓపీలు చదవమంటారు. ఏ పని ఏ వరసలో చేయాలో రాసిపెట్టిన పత్రాలివి. త్రాసు వాడటానికొకటి, గాజుసామాను కడగటానికొకటి, చివరికి పొరపాటున రాసిన అంకెను ఎలా కొట్టేయాలో చెప్పడానికీ ఒకటి ఉంటుంది. చదివినట్టు సంతకం పెట్టాలి. కొన్నిచోట్ల పరీక్ష కూడా పెడతారు.

కొట్టివేతకు కూడా ఒక పద్ధతి ఎందుకో తెలియాలంటే కాలేజీ ల్యాబును ఒకసారి గుర్తుచేసుకోవాలి. అక్కడ టైట్రేషన్ జవాబు మాస్టారికి ముందే తెలుసు, సీనియర్ల రికార్డులోనూ ఉంటుంది. రెండు రీడింగులు కలవకపోతే మూడోది 'కలుస్తుంది'. ముందు రఫ్ పుస్తకంలో పెన్సిలుతో రాసి, లెక్క కుదిరాక ఫెయిర్ రికార్డులోకి ఎక్కిస్తారు. మార్కులు జవాబుకే కాబట్టి దీన్ని ఎవరూ తప్పుగా చూడరు. కంపెనీలో రఫ్ పుస్తకమన్నదే లేదు. కొలిచిన క్షణంలోనే, కొలిచినవారే, చెరగని సిరాతో రాయాలి. తప్పు పడితే ఒకే గీతతో కొట్టి, కింద అంకె కనిపించేలా ఉంచి, కారణం, తేదీ, సంతకం వేయాలి. వైట్‌నర్ లోపలికే రానివ్వరు. త్రాసు కూడా తూకాన్ని కాగితం మీద అచ్చువేసి ఇస్తుంది. కాలేజీలో చూసీచూడనట్టు వదిలేసిన అలవాటు ఇక్కడ ఉద్యోగం పోగొట్టే నేరం.

కొత్తవారి చేతికి సాధారణంగా మార్కెట్‌కు వెళ్లే సరుకు ఇవ్వరు. అప్పటికే పరీక్ష పూర్తయిన నమూనాను ఇచ్చి, అనుభవజ్ఞుడికి వచ్చిన ఫలితంతో పోల్చి చూస్తారు. పారాసిటమాల్ మాత్రలనే తీసుకుందాం. మందుల ప్రమాణాలు రాసిన ఫార్మకోపియా గ్రంథాల్లో చాలాకాలంగా ఉన్న యూవీ పద్ధతిలో 20 మాత్రలు తూచి పొడి చేస్తారు. అందులో 150 మిల్లీగ్రాముల మందు ఉండేంత పొడిని పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపి, నీటితో 200 మిల్లీలీటర్లకు తెచ్చి వడకడతారు. దాన్ని రెండుసార్లు పదేసి రెట్లు పలచబరిచి, 257 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చూస్తారు. మందు పూర్తిగా ఉంటే 0.536 దగ్గర రావాలి. చీటీ మీద రాసినదానిలో 95 నుంచి 105 శాతం లోపు ఉంటే బ్యాచ్ ఆ పరీక్షలో నెగ్గినట్టు. చదవడానికి చాలా తేలిక. కానీ 150 మిల్లీగ్రాముల్లో ఒక శాతమంటే 1.5 మిల్లీగ్రాములు, అంటే ఇంచుమించు ఒక చిన్న ఆవగింజ బరువు. తూకం కాగితానికి అంత పొడి అంటుకుపోయినా ఫలితం కదిలిపోతుంది. పిపెట్ చివర నిలిచిన బొట్టును ఊదాలా, వదిలేయాలా అన్నది కాలేజీలో చాదస్తంలా అనిపిస్తుంది. ఇక్కడ దాని విలువ అంకెల్లో కనబడుతుంది.

తర్వాత హెచ్‌పీఎల్‌సీ. క్యూసీలో ఎక్కువ గంటలు తినేసే యంత్రం ఇదే. దీని మూలం 1900ల తొలినాళ్లలో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు సుద్దపొడి నింపిన గొట్టంలో ఆకుల రంగులను విడదీసిన ప్రయోగం. రష్యన్‌లో ఆయన ఇంటిపేరుకు అర్థం కూడా 'రంగు' కావడం కాకతాళీయమే. సుద్దగొట్టం స్థానంలో ఇప్పుడు జానెడు ఉక్కు గొట్టం, అదే కాలమ్, వచ్చింది. దాని గుండా మొబైల్ ఫేజ్ అనే ద్రవం నిమిషానికి సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున అధిక పీడనంతో ప్రవహిస్తుంది. మందు, దానిలోని మలినాలు వేర్వేరు సమయాల్లో బయటికొచ్చి తెరమీద శిఖరాల్లా లేస్తాయి.

ట్రైనీ తిప్పలన్నీ ఇక్కడే. ద్రవాన్ని 0.45 మైక్రాన్ల పొరలో వడకట్టి గాలి తీసేయకపోతే పంపులో బుడగ చేరి పీడనం ఊగిసలాడుతుంది. బఫర్ అనే లవణ ద్రావణం వాడిన కాలమ్‌ను ముందు నీళ్లు ఎక్కువున్న ద్రవంతో కడగకుండా నేరుగా అసిటోనైట్రైల్ అనే ద్రావణిని పంపితే ఉప్పు పేరుకుని కాలమ్ మూసుకుపోతుంది. వేల రూపాయల వస్తువు అది. నమూనా కంటే ముందు ప్రామాణిక ద్రావణాన్నే ఐదారుసార్లు పంపి, ఫలితాల మధ్య తేడా సాధారణంగా రెండు శాతం దాటలేదని తేల్చుకోవాలి. యంత్రం మీద నమ్మకం కుదిరాకే నమూనా వంతు.

అన్నీ సరిగ్గా చేసినా ఫలితం 95కు తగ్గి 94.2 శాతం వస్తే? కాలేజీ అలవాటు మళ్లీ చేసి చూడమంటుంది. పరిశ్రమ ముందు ఆగమంటుంది. పై అధికారికి చెప్పి, వాడిన ద్రావణాలను పారబోయకుండా ఉంచి, తూకం, లెక్క, యంత్రం ఒక్కొక్కటీ వెతకాలి. స్పష్టమైన ల్యాబు తప్పు దొరికితేనే ఆ ఫలితాన్ని పక్కన పెట్టవచ్చు. నెగ్గేదాకా పరీక్షలు చేస్తూ పోవడం చెల్లదని 1993లో బార్ ల్యాబొరేటరీస్ కేసులో అమెరికా కోర్టు చెప్పింది. అమెరికాకు మందులు పంపే కంపెనీలన్నీ ఆ మాటకు కట్టుబడాల్సిందే. కంప్యూటర్లో ఎవరు ఎప్పుడు ఏ ఫైలు మార్చారో ఆడిట్ ట్రయల్‌లో నమోదవుతుంది. స్నేహం కొద్దీ పక్కవాడి పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లడం కూడా తీవ్రమైన తప్పే.

భద్రత గురించి పాఠాలు ఎక్కువ చెప్పరు, అలవాటు చేయిస్తారు. ఆమ్లంలో నీళ్లు కాకుండా నీళ్లలోనే ఆమ్లం పోయడం, వాడిన ద్రావణులను విడివిడి డబ్బాల్లో పోయడం, కళ్లు కడుక్కునే కుళాయి ఎక్కడుందో చూసుకోవడం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడు పదుల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఈ అలవాట్లను లాంఛనమని ఎవరూ అనలేరు.

అన్ని శిక్షణలూ ఇంత నిండుగా ఉండవు. ట్రైనీ అంటే గాజుసామాను కడగటానికి దొరికిన మనిషి అనుకునే చోట్లూ ఉన్నాయి. గడప తొక్కకుండానే సర్టిఫికెట్ తెచ్చుకునే విద్యార్థులూ ఉన్నారు. నాలుగు వారాలు యంత్రాల పేర్లు తెలియడానికే చాలవు. ఆరు నెలలుంటేనే చెయ్యి కుదురుతుంది.

శిక్షణ ముగిసి వెళ్లేటప్పుడు విద్యార్థి వెంట వచ్చేది తక్కువ. లెక్కలు రాసిన పుస్తకం కంపెనీది, ఫొటోలు తీయనివ్వరు. ప్రాజెక్టు నివేదికలో మందు పేరుకు బదులు ఒక కోడ్ అక్షరం ఉంటుంది. త్రాసు లాగ్‌బుక్‌లోనో, ఫ్రిజ్ ఉష్ణోగ్రతల పట్టికలోనో పెట్టిన సంతకాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి. బ్యాచ్‌కు సంబంధించిన రికార్డులను ఆ మందు గడువు తీరాక కూడా కనీసం ఏడాది పాటు భద్రపరచాలి.